వినకుండా మిగిలిన భాగాలు: పాడ్‌కాస్ట్ చరిత్రలో చందా, సిఫారసు, శ్రోత సమయం

వ్యాససంగ్రహం

నచ్చిన పాడ్‌కాస్టును పదిమందికి చెప్పడం, పదిమంది చెప్పినవన్నీ వినలేక వెనుకబడడం నేటి శ్రవణ సంస్కృతిలో కలిసే కనిపిస్తాయి. వినకుండా పేరుకుపోయే రాశి కేవలం పాడ్‌కాస్టుల సంఖ్య పెరగడం వల్ల ఏర్పడింది కాదనీ, 2000-2005 సంవత్సరాల మధ్య రూపుదిద్దుకొన్న చందా విధానంలోనే దానికి మూలం ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రేడియో కార్యక్రమ పత్రికల కాలం నుండి యాప్‌ల కాలం వరకు సిఫారసు మారిన తీరును, డౌన్‌లోడ్ సంఖ్యను శ్రవణానికి సాక్ష్యంగా స్వీకరించడంలోని చిక్కును, తెలుగు శ్రవణానికి ఈ చరిత్ర ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పాడ్‌కాస్ట్, శ్రవణ చరిత్ర, ఆర్‌ఎస్‌ఎస్, చందా, సిఫారసు, డౌన్‌లోడ్, ఆకాశవాణి.

1. ఉపోద్ఘాతం

పాడ్‌కాస్టులు వినే అలవాటున్నవారు కలిసినప్పుడు సంభాషణ తరచుగా రెండు మాటల మధ్య తిరుగుతుంది. ‘ఇది తప్పక వినాలి’ అన్నది మొదటి మాట. ‘వినవలసినవి ఇంకా చాలా మిగిలిపోయాయి’ అన్నది రెండవది. మొదటిది ఉత్సాహంతో పలుకుతారు, రెండవది కొంత అపరాధభావంతో. చదవని పుస్తకాల విషయంలోనూ ఈ భావం కొత్తది కాదు. కొని పక్కన పెట్టిన పుస్తకాలు ఒక అరనైనా నింపని అధ్యాపకుల ఇల్లు అరుదు. అయితే పుస్తకం ఎవరో ఒకరు వెళ్లి తెస్తేనే ఇంటికి వస్తుంది. పాడ్‌కాస్ట్ భాగం అలా కాదు. ఒకసారి చందా నమోదైతే చాలు, ముందటి భాగం విన్నా వినకపోయినా తరువాతి భాగం వచ్చి చేరుతుంది. పత్రికకు చందా కట్టినవారికి ఇది పరిచితమైన స్థితే. కాని పత్రికకు డబ్బు కట్టాలి, ఏడాది తిరిగేసరికి చందా ముగుస్తుంది, పాత సంచికలు పాతసామాన్ల వాని తక్కెడలోకి వెళతాయి. పాడ్‌కాస్ట్ చందాకు వెలా లేదు, గడువూ లేదు.

పాడ్‌కాస్ట్ చరిత్రను సాధారణంగా నిర్మాతల వైపు నుండి రాస్తారు. ఎవరు కనిపెట్టారు, ఏ కార్యక్రమం పేరు తెచ్చుకొంది, ఏ సంస్థను ఏ సంస్థ కొన్నది అన్నవి అందులో ప్రధానాంశాలు. శ్రోత వైపు నుండి రాయబోయే వారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది ఆకరాలది. విన్నదానికి ఏదో ఒక గుర్తు మిగలవచ్చు. వినకుండా వదిలిన దానికి గుర్తు ఉండదు. పైగా ఈ మాధ్యమంలో వినకుండా వదిలినది కూడా విన్నదానితోపాటే లెక్కలోకి ఎక్కింది. ఆ సంగతి 2023 తరువాత గాని స్పష్టంగా బయటపడలేదు.

2. తప్పిపోయిన ప్రసారం

రేడియో శ్రోతకు వెనుకబడడం అన్న సమస్య లేదు, తప్పిపోవడం అన్న సమస్యే ఉండేది. కార్యక్రమానికి ఒక వేళ ఉంటుంది. ఆ వేళకు రేడియో దగ్గర లేకపోతే అది పోయినట్లే. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఆ కేంద్రం నుండి ఉషశ్రీ చేసిన రామాయణ, భారత ప్రవచనాలనూ ధర్మసందేహాల కార్యక్రమాన్నీ విన్న తరం ఆ జ్ఞాపకాన్ని వేళతో ముడిపెట్టి చెప్పుకొంటుంది. ఆ వేళకు ఇంటి పనులు ముగించుకోవడం, ఇరుగుపొరుగువారు రేడియో ఉన్న ఇంటికి చేరడం ఆ శ్రవణంలో భాగాలు. ఒక వారం తప్పితే ఆ లోటు ఎవరినో అడిగి తెలుసుకోవడంతో తీరేది. తప్పినవి ఎక్కడా పోగుపడేవి కావు.

వేళ ప్రకారం వినవలసి వచ్చినప్పుడు శ్రోతకు కావలసినది కార్యక్రమ వివరం. బీబీసీ ‘రేడియో టైమ్స్’ తొలి సంచిక 1923 సెప్టెంబరు 28న వెలువడింది. వార్తాపత్రికలు కార్యక్రమ వివరాలను ఉచితంగా ప్రచురించడానికి వెనుకాడడమే ఆ పత్రిక పుట్టుకకు తక్షణ కారణం. భారతదేశంలో 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రసారాలతోపాటే ‘ఇండియన్ రేడియో టైమ్స్’ వచ్చింది. అదే తరువాత ‘ది ఇండియన్ లిజనర్’ అయింది. ఉర్దూలో ‘ఆవాజ్’, తమిళంలో ‘వానొలి’, తెలుగులో ‘వాణి’ ఆకాశవాణి కార్యక్రమ పత్రికలుగా నడిచాయి. వీటిలో ప్రసంగ పాఠాలు, కళాకారుల ఛాయాచిత్రాలు కూడా ఉండేవి. ఒక విధంగా ఇవి సిఫారసు పత్రికలే. అయితే ఆ సిఫారసు చేసేది ప్రసార సంస్థే. తన కార్యక్రమాల్లో దేనిని ముందు పేజీలో ఉంచాలో అదే నిర్ణయించేది.

ఇక్కడ గమనించదగిన విషయం మరొకటి ఉంది. అతిగా వినడాన్ని తొలినాళ్ల బీబీసీ ప్రోత్సహించలేదు. కార్యక్రమాల మధ్య మౌన విరామాలు ఉంచేది. కుళాయి విప్పినట్లు రేడియోను విప్పి వదిలేయవద్దనీ, ఎంచుకొని శ్రద్ధగా వినమనీ, మిగతా వేళల్లో కట్టేయమనీ శ్రోతలకు చెప్పేది. ఇందులో పెద్దరికం ధ్వనిస్తుందన్న విమర్శ ఉన్నదే. కాని శ్రోత సమయానికి హద్దు ఉందన్న స్పృహ ఆ పెద్దరికంలో ఉంది. తరువాత వచ్చిన శ్రవణ సాంకేతికతలో ఆ స్పృహ ఎక్కడా కనిపించదు.

శ్రోతల ఇష్టానుసారం వరుస కట్టే పద్ధతి భారత ఉపఖండంలో 1952 డిసెంబరులో రేడియో సిలోన్ నుండి మొదలైన ‘బినాకా గీత్‌మాలా’తో స్థిరపడింది. అమీన్ సయానీ గొంతులో బుధవారం రాత్రి వినిపించిన ఆ కార్యక్రమానికి రికార్డుల అమ్మకాలూ శ్రోతల సంఘాల ఉత్తరాలూ ఆధారంగా నిలిచాయి. అది కూడా వేళకు కట్టుబడిన కార్యక్రమమే. వరుసలో పదహారు పాటలుంటే పదహారూ ఆ గంటలోనే వినిపించి ముగిసేవి. సిఫారసూ శ్రవణమూ ఒకే గంటలో జరిగిపోయేవి.

3. బైట్ల లెక్క, నిమిషాల లెక్క

పాడ్‌కాస్ట్ ఈ రెండింటినీ విడదీసింది. ఆ విడదీత ఎలా జరిగిందో తెలియాలంటే 2000 సంవత్సరం నాటి అంతర్జాల వేగాన్ని గుర్తు తెచ్చుకోవాలి. అప్పట్లో ఒక పెద్ద శబ్ద ఫైలు మీద నొక్కితే అది దిగేదాకా ఎదురుచూడవలసి వచ్చేది. ఎంటీవీలో వ్యాఖ్యాతగా పనిచేసిన ఆడం కర్రీకి ఈ నిరీక్షణ విసుగు పుట్టించింది. కంప్యూటరు ఎలాగూ రాత్రంతా ఖాళీగా ఉంటుంది. ఆ సమయంలో ఫైలు దానంతటదే దిగి సిద్ధంగా ఉంటే, తెల్లవారి నొక్కగానే వినిపిస్తుంది కదా అన్నది ఆయన ఆలోచన. 2000 అక్టోబరులో న్యూయార్కులో సాఫ్ట్‌వేర్ రచయిత డేవ్ వైనర్‌ను కలిసి ఆయన ఈ ఆలోచనను వివరించారు. అదే ఏడాది డిసెంబరులో వైనర్ వెలువరించిన ఆర్‌ఎస్‌ఎస్ 0.92 ప్రమాణంలో ‘ఎన్‌క్లోజర్’ అన్న అంశం చేరింది. అప్పటివరకు బ్లాగుల్లో కొత్త రాతల శీర్షికలను మోసుకువెళ్లే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు ఇక మీదట శబ్ద ఫైలునూ వెంట తీసుకువెళ్లగలదు.

ఈ ఎన్‌క్లోజర్ నిర్మాణాన్ని పరిశీలిస్తే ఆసక్తికరమైన విషయం కనిపిస్తుంది. అందులో మూడు వివరాలు తప్పనిసరి. ఫైలు ఎక్కడ ఉంది, ఏ రకానికి చెందింది, ఎంత పెద్దది. ఈ మూడవ వివరం బైట్లలో ఉంటుంది. డిస్కులో ఎంత చోటు పడుతుందో, ఎంతసేపట్లో దిగుతుందో యంత్రానికి దానివల్ల తెలుస్తుంది. వినడానికి ఎన్ని నిమిషాలు పడుతుందన్న వివరానికి అందులో స్థానం లేదు. నిడివిని తెలిపే ప్రత్యేక గుర్తును 2005లో ఆపిల్ తన ఐట్యూన్స్ కోసం అదనంగా చేర్చింది. అంటే ఈ మాధ్యమం పుట్టినప్పుడు యంత్రం సమయం లెక్కలో ఉంది, శ్రోత సమయం లేదు. దీనిని రూపకర్తల లోపంగా చూపడం న్యాయం కాదు. వారి ముందున్న సమస్య నిరీక్షణ. దాన్ని వారు చక్కగా పరిష్కరించారు. శ్రోత ఫైలు కోసం ఎదురుచూడవలసిన అవసరం పోయింది. దానికి బదులు ఫైళ్లు శ్రోత కోసం ఎదురుచూడడం మొదలైంది.

2003 నాటికి క్రిస్టఫర్ లైడన్ అన్న పూర్వ రేడియో వ్యాఖ్యాత హార్వర్డ్‌లోని బెర్క్‌మన్ కేంద్రంలో ఉంటూ చేసిన ముఖాముఖీలను వైనర్ ఫీడు ద్వారా అందించారు. 2004 ఫిబ్రవరి 12న ‘గార్డియన్’ పత్రికలో బెన్ హామర్స్‌లీ ఈ కొత్త ధోరణి మీద రాస్తూ దానికి పెట్టదగిన పేర్లలో ఒకటిగా ‘పాడ్‌కాస్టింగ్’ను సూచించారు. పత్రికలో స్థలం నింపడానికి మరొక వాక్యం కావలసి వచ్చి ఆ పేర్లను చేర్చినట్లు ఆయనే తరువాత చెప్పుకొన్నారు. పదాల పుట్టుకకు పండితులు ఎంత గంభీరమైన కారణాలు వెదికినా, కొన్నిటికి కారణం పేజీలో మిగిలిన ఖాళీ మాత్రమే. ఆ ఏడాది ఆగస్టులో కర్రీ ‘డైలీ సోర్స్ కోడ్’ ప్రారంభించారు. పేరుకు తగ్గట్టు అది వారానికి పలుమార్లు వచ్చేది. ఫీడు నుండి ఫైలును తీసుకొని ఐపాడ్‌లోకి చేర్చే చిన్న ప్రోగ్రాములు అదే కాలంలో ప్రచారంలోకి వచ్చాయి.

2005 జూన్ 28న విడుదలైన ఐట్యూన్స్ 4.9తో ఇదంతా సాంకేతిక నిపుణుల బృందాన్ని దాటి సామాన్య శ్రోతకు చేరింది. మూడువేలకు పైగా పాడ్‌కాస్టుల జాబితాతో మొదలై, రెండు రోజుల్లో పది లక్షల చందాలు నమోదైనట్లు ఆపిల్ ప్రకటించింది. ఈ అంకెను విజయచిహ్నంగా అందరూ ఉటంకిస్తారు. శ్రోత సమయం వైపు నుండి చూస్తే దానికి మరొక అర్థం ఉంది. రెండు రోజుల్లో పది లక్షల చందాలంటే, ఆ మరుసటి వారం నుండే లక్షలాది ఫైళ్లు ఎవరూ ఆ క్షణాన అడగకుండానే దిగడం మొదలైందన్నమాట. చందా ఒక్క నొక్కుతో ముగిసిన నిర్ణయం. దాని పర్యవసానం వారంవారం కొనసాగేది. ఆ ఏడాది న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు ‘పాడ్‌కాస్ట్’ను సంవత్సరపు పదంగా ఎంచింది. 2006 నాటికే, నిర్మాతలు అలసి మధ్యలో ఆపేసిన కార్యక్రమాలకు ‘పాడ్‌ఫేడ్’ అన్న పేరు కూడా పుట్టింది. అలసిన నిర్మాతకు ఒక పదం దొరికింది గాని, అలసిన శ్రోతకు అలాంటి స్థిరమైన పదం ఏర్పడలేదు.

4. సిఫారసు: ఆసరా, అదనపు భారం

తెలుగులో ‘సిఫారసు’ మాటకు కొంత అపకీర్తి ఉంది. ఉద్యోగానికో సీటుకో పెద్దవారి చేత చెప్పించుకోవడం అన్న అర్థంలోనే అది ఎక్కువగా వినిపిస్తుంది. ఒకరి పలుకుబడిని మరొకరి తరఫున ఖర్చుపెట్టడం అందులో ఉంటుంది. పాడ్‌కాస్టుల సిఫారసులోనూ ఆ అంశం పూర్తిగా లేకపోలేదు. ఒక గంట నిడివి గల భాగాన్ని వినమని చెప్పేవారు ఎదుటివారి జీవితంలోని ఒక గంటకు తమ అభిరుచిని పూచీగా పెడుతున్నారు. సినిమా గురించి చెప్పినంత తేలికగా దీన్ని చెప్పలేరు. సినిమా ఒక్కసారి చూస్తే ముగుస్తుంది. పాడ్‌కాస్ట్ సిఫారసులో మాత్రం తరువాతి వారాలన్నీ ఇమిడి ఉంటాయి.

తొలి సిఫారసు వ్యవస్థలు ఓటు మీద ఆధారపడ్డాయి. పాడ్‌కాస్ట్ ఆలీ అన్న జాబితా స్థలంలో శ్రోతలు ప్రతి నెలా తమకు నచ్చిన కార్యక్రమానికి ఓటు వేసేవారు. అందువల్ల నెల మొదట్లో నిర్మాతలు ఓట్లు అభ్యర్థించడం కార్యక్రమంలో ఒక భాగమైపోయింది. పాడ్‌కాస్టులను వెదకడం, వినడం, తయారుచేయడం ఒకే చోట జరగాలన్న లక్ష్యంతో ఓడియో అన్న సంస్థ మొదలైంది. ఆపిల్ ప్రవేశంతో దాని దారి మూసుకుపోగా అందులో పనిచేసినవారు వేరే ప్రయోగాలకు దిగారు. 2006లో ట్విటర్ పుట్టింది అక్కడినుండే. చిట్టి సందేశాల వేదికకు మూలం గంటల తరబడి వినవలసిన శబ్దాన్ని వెదికిపెట్టే ప్రయత్నంలో ఉండడం ఒక చారిత్రక వైచిత్రి.

ఆపిల్ జాబితాలు ఆ తరువాతి దశాబ్దాన్ని శాసించాయి. ఆ వరుస ఏ సూత్రంతో కడతారో ఆపిల్ పూర్తిగా వెల్లడించలేదు. కొత్త చందాల వేగం ముఖ్యమన్నది నిర్మాతల నమ్మకం. నక్షత్రాలు ఇవ్వండి, సమీక్ష రాయండి అన్న అభ్యర్థన ప్రతి భాగం చివర పల్లవిలా వినిపించడానికి ఈ నమ్మకమే కారణం. వరుసలు చేయలేని పనిని పత్రికలు చేపట్టాయి. 2010 దశకం తొలి సంవత్సరాల్లో ఏవీ క్లబ్ నడిపిన ‘పాడ్‌మాస్’ శీర్షిక వారంలో వచ్చిన భాగాల్లో మేలైనవాటిని ఏరి సమీక్షించేది. ఇది గ్రంథసమీక్ష కంటె భిన్నమైనది. సమీక్షకు ప్రమాణం మొత్తం కార్యక్రమం కాదు, ఒక్క భాగం. చందా అంతటినీ మోయలేని శ్రోతకు ఏ ఒక్కటి వింటే చాలునో చెప్పడం అందులోని ఉపకారం. 2014 నవంబరులో నిక్ క్వా ప్రారంభించిన ‘హాట్ పాడ్’ వార్తాలేఖ వృత్తి వర్గాల్లో ఇదే అవసరాన్ని వేరే స్థాయిలో తీర్చింది.

2014 అక్టోబరు 3న మొదలైన ‘సీరియల్’ సిఫారసు చరిత్రలో ఒక మలుపు. సారా కేనిగ్ నడిపిన ఆ తొలి ధారావాహికలో 12 భాగాలు ఉన్నాయి, డిసెంబరు 18న ముగిసింది. ఐట్యూన్స్‌లో అత్యంత వేగంగా 50 లక్షల డౌన్‌లోడ్‌ల స్థాయికి చేరిన పాడ్‌కాస్టుగా అది పేరు పొందింది. దాని విజయాన్ని నేరపరిశోధన కథనంలోని ఉత్కంఠకు ఆపాదించడం పరిపాటి. అది నిజమే. అయితే గమనించవలసింది దాని పరిమితి కూడా. అది ముగిసే కార్యక్రమం. గురువారానికి గురువారం వచ్చేది. విన్నవారందరూ ఇంచుమించు ఒకే భాగం దగ్గర ఉండేవారు కనుక మరుసటి రోజు మాట్లాడుకోవడానికి వీలుండేది. వేళకు కట్టుబడిన రేడియోలో ఉన్న గుణమే ఇక్కడ తిరిగి వచ్చింది. పాడ్‌కాస్ట్ తాను జయించానని చెప్పుకొన్న వేళ సహాయంతోనే తన తొలి ఘనవిజయాన్ని సాధించింది.

ఆ సమయంలోనే ఐరా గ్లాస్, ఎనభై దాటిన తన పొరుగింటి వృద్ధురాలితో కలిసి, ఫోనులో పాడ్‌కాస్ట్ ఎలా వినాలో చూపే చిన్న వీడియో చేశారు. 2017 మార్చిలో అమెరికా నిర్మాణ సంస్థలు కలిసి ‘ట్రైపాడ్’ అన్న ప్రచారం నడిపాయి. పాడ్‌కాస్టులు వినని ఒక వ్యక్తిని ఎంచుకొని, వారికి నచ్చగల కార్యక్రమాన్ని చెప్పి, ఎలా వినాలో దగ్గరుండి చూపమని శ్రోతలను కోరడం ఆ ప్రచార సారాంశం. కోట్లు విలువ చేసే పరిశ్రమ చివరికి ఒక మనిషి మరొక మనిషికి చెప్పే మాట మీద ఆధారపడవలసి వచ్చిందన్నది ఇందులో స్పష్టం. ఎడిసన్ రిసెర్చ్ సర్వేల ప్రకారం 12 ఏళ్లు దాటిన అమెరికన్లలో నెలకొకసారైనా పాడ్‌కాస్ట్ వినేవారు 2014లో 15 శాతం, 2019లో 32 శాతం, 2024లో 47 శాతం. ఇంత పెరుగుదలలో ఆ నోటిమాట పాలు ఎంతో విడదీసి కొలవడం కష్టం.

ప్రతి సిఫారసూ రాశిలో నుండి ఒకదాన్ని ఏరి ఇస్తుంది, అదే సమయంలో స్వీకరించినవారి రాశికి ఒకదాన్ని కలుపుతుంది. ఆపిల్ 2013 జులైలో వందకోట్ల చందాలను ప్రకటించింది. అప్పటికి దాని జాబితాలో రెండున్నర లక్షల పాడ్‌కాస్టులు, 80 లక్షలకు పైగా భాగాలు ఉన్నాయి. స్పాటిఫై తన త్రైమాసిక నివేదికల్లో 2021 తొలి మూడు నెలలకు 26 లక్షల పాడ్‌కాస్టులను, ఏడాది తరువాత 40 లక్షలను చూపింది. వీటిలో ఆగిపోయినవి, ఒకటి రెండు భాగాలకే పరిమితమైనవి ఎన్నో ఉంటాయి. అవి తీసివేసినా శ్రోత వైపు అంకె మాత్రం పెద్దగా కదలలేదు. అదే ఎడిసన్ సర్వేల్లో వారంవారం వినే అమెరికన్ శ్రోత సగటున వినేది ఏడెనిమిది భాగాలు.

5. వేగం

రాశిని తగ్గించలేనప్పుడు సమయాన్ని కుదించే మార్గం వెదికారు. మార్కో ఆర్మెంట్ 2014 జులైలో విడుదల చేసిన ఓవర్‌కాస్ట్ యాప్‌లో ‘స్మార్ట్ స్పీడ్’ అన్న సదుపాయం ఉంది. మాటల మధ్య నిశ్శబ్దాన్ని గుర్తించి కుదించడం దాని పని. ఇలా ఎన్ని గంటలు మిగిలాయో యాప్ లెక్క చూపుతుంది. ఆర్మెంట్ అంతకుముందు చేసిన ఇన్‌స్టాపేపర్ కూడా తరువాత చదువుకోవడానికి వ్యాసాలను దాచుకొనే పరికరమే కావడం గమనార్హం. ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగంతో వినేవారు పెరిగారు. 2017 నాటికి వారికి ఆంగ్ల పత్రికల్లో ‘పాడ్‌ఫాస్టర్లు’ అన్న పేరు వచ్చింది. బీబీసీ కార్యక్రమాల మధ్య కావాలని మౌనం ఉంచింది. తొంభై ఏళ్ల తరువాత వాక్యాల మధ్య మౌనాన్ని కూడా యంత్రం తీసివేసింది. ప్రవచనంలోనో కథాపఠనంలోనో ఆ మౌనానికి అర్థం ఉంటుందని చెప్పనక్కరలేదు. హరికథకుడు ఆగినచోట సభ ఊపిరి బిగబడుతుంది. సమాచారం కోసం వినేవారికి ఆ నష్టం తెలియదు.

6. డౌన్‌లోడ్ అన్న కొలమానం

ఇక్కడ ఒక ఆకర సమస్య ఎదురవుతుంది. పాడ్‌కాస్ట్ శ్రవణం గురించి రాసిన ఏ చరిత్ర అయినా చివరికి డౌన్‌లోడ్ అంకెలను ఉటంకిస్తుంది. ప్రకటనదారులు చెల్లించేది వెయ్యి డౌన్‌లోడ్‌లకు ఇంత అన్న లెక్కన. నిర్మాత చేతిలో ఉన్నది సర్వర్ చిట్టా మాత్రమే. ఫైలు అడిగి తీసుకొన్న సంగతి ఆ చిట్టా చెబుతుంది, విన్న సంగతి చెప్పదు. 2017 డిసెంబరులో అమెరికా ప్రకటనల సంఘం ఐఏబీ తన కొలత నియమాల రెండవ సంస్కరణను వెలువరించింది. కనీసం ఒక నిమిషం నిడివికి సరిపడే ఫైలు దిగితేనే డౌన్‌లోడ్‌గా లెక్కించాలని అందులో నిర్ణయించారు. అప్పటికి నిమిషం అన్న కొలమానం లెక్కలోకి వచ్చింది. కాని అది దిగిన నిమిషం, విన్న నిమిషం కాదు. అదే నెలలో ఆపిల్ తన యాప్‌లో శ్రోతలు ఎంతవరకు విన్నారో నిర్మాతలకు చూపడం మొదలుపెట్టింది. అది ఆపిల్ యాప్‌కు పరిమితమైన సమాచారం. లావాదేవీలు డౌన్‌లోడ్ మీదే సాగాయి.

2023 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 17తో పరిస్థితి మారింది. అంతకుముందు ఆపిల్ యాప్‌లో ఒక శ్రోత ఒక కార్యక్రమాన్ని కొన్ని నెలలు వినడం మానేసి, ఒకనాడు తిరిగి ఒక భాగం వింటే, మధ్యలో వచ్చిన భాగాలన్నీ ఒక్కసారిగా దిగేవి. వారంవారం వచ్చే కార్యక్రమమైతే పది, పదిహేను. రోజూ వచ్చేదైతే వంద దాటవచ్చు. శ్రోత విన్నది ఒకటి, లెక్కకెక్కినవి అన్నీ. కొత్త సంస్కరణలో ఆపిల్ ఈ పాత బకాయిల దిగుమతిని ఆపేసింది. 2024లో పలు పెద్ద సంస్థల డౌన్‌లోడ్ అంకెలు చెప్పుకోదగినంతగా పడిపోయాయి. తరచుగా వచ్చే కార్యక్రమాలకు, పాత భాగాల నిల్వ ఎక్కువగా ఉన్నవాటికి ఎక్కువ దెబ్బ తగిలింది. శ్రోతలు తగ్గలేదు. ఎవరూ వినని భాగాలు లెక్క నుండి తప్పుకొన్నాయి.

చరిత్రకారునికి ఈ ఘటన విలువైనది. అంతవరకు శ్రోత వ్యక్తిగత బలహీనతగా కనిపించిన వెనుకబాటు నిజానికి పరిశ్రమ ఆదాయంలో ఒక అంశంగా ఉండేదని ఇది చూపింది. వినలేకపోయినందుకు శ్రోత సిగ్గుపడుతున్న భాగాలకు ప్రకటనదారుడు డబ్బు చెల్లించాడు. ఇందులో మోసం ఉద్దేశం ఉందని చెప్పడానికి ఆధారం లేదు. 2000లో నిరీక్షణను తప్పించడానికి చేసిన ఏర్పాటే ఇరవై ఏళ్ల పైచిలుకు కాలం తన పని తాను చేసుకుపోయింది. అయితే 2005-2023 కాలానికి చెందిన డౌన్‌లోడ్ సంఖ్యలను శ్రవణ విస్తృతికి నేరుగా సాక్ష్యంగా తీసుకొన్న పరిశోధనలను మళ్లీ చూడవలసిన అవసరం ఏర్పడింది. ముఖ్యంగా రోజువారీ కార్యక్రమాలను వారపు కార్యక్రమాలతో పోల్చిన చోట ఆ పోలిక నిలవకపోవచ్చు.

ఇదే సందర్భంలో ఒక పదం మారిన సంగతి కూడా చెప్పుకోవాలి. ఆపిల్ 2021లో డబ్బు చెల్లించే పాడ్‌కాస్టులను ప్రవేశపెడుతూ, ఉచిత చందాకు వాడే ‘సబ్‌స్క్రైబ్’ మాటను తీసివేసి ‘ఫాలో’ అన్న మాటను పెట్టింది. చందా అంటే డబ్బు కట్టడమని అనుకొనే కొత్త శ్రోతలు వెనుకాడకుండా ఈ మార్పు చేశారు. మొదటి మాటలో చదవవలసిన, వినవలసిన బాధ్యత ధ్వనిస్తుంది. రెండవది సామాజిక మాధ్యమాల నుండి వచ్చిన తేలిక మాట. అనుసరించడంలో అన్నీ వినాలన్న పట్టింపు లేదు.

7. తెలుగు శ్రవణం

ఈ చరిత్రను తెలుగుకు యథాతథంగా అన్వయించడం తొందరపాటు అవుతుంది. తెలుగులో ధారావాహిక శబ్దానికి శ్రోతలు ఫీడుల కంటె ముందే ఉన్నారు. చాగంటి కోటేశ్వరరావు 42 రోజులపాటు చేసిన సంపూర్ణ రామాయణ ప్రవచనం వంటివి ఎంపీ3 ఫైళ్లుగా, సీడీలుగా, ఫోను మెమరీ కార్డుల్లో చేతులు మారాయి. ఇది చందా కాదు. మొత్తం ఒకేసారి చేతికి వస్తుంది, ఎన్ని రోజులున్నాయో ముందే తెలుసు, కొత్తగా వచ్చి చేరేది లేదు. పదిహేనవ రోజు దగ్గర ఆగిన శ్రోత పుస్తకంలో ఆకు మడిచి పెట్టినవారితో సమానం. మిగిలినవి బరువుగా కాక నిధిగా కనిపిస్తాయి. పారాయణానికి అలవాటుపడిన సమాజంలో విన్నదే మళ్లీ వినడం కూడా శ్రవణమే. కొత్తదానితో సమంగా నడవాలన్న ఆత్రుత అక్కడ తక్కువ.

సాహిత్య శ్రవణం మరొక దారిలో పెరిగింది. అమెరికా నుండి వెలువడే ‘కౌముది’ అంతర్జాల మాసపత్రిక సంపాదకులు కిరణ్‌ప్రభ రచయితలు, కళాకారులు, చారిత్రక వ్యక్తుల మీద చేస్తున్న టాక్‌షోలు అంతర్జాల రేడియో ద్వారానూ యూట్యూబు ద్వారానూ శ్రోతలకు చేరాయి. కొన్ని విషయాలు అనేక భాగాలుగా సాగుతాయి. ‘హర్షణీయం’ పాడ్‌కాస్ట్ కథాపఠనాలనూ రచయితలతో సంభాషణలనూ అందిస్తుంది. కళాశాలల్లో ఆధునిక సాహిత్యం బోధించేవారికి ఇవి ఆకరాలుగా ఉపయోగపడుతున్నాయి. ఒక రచయిత తన కథ గురించి తన గొంతుతో చెప్పిన మాట ముద్రిత పీఠికలో దొరకదు. వీటి పరిచయం ఎక్కువమందికి జరిగేది వాట్సాప్ బృందంలో ఎవరో పంపిన లంకె ద్వారా. ఈ సిఫారసులో కార్యక్రమం పేరు కంటె పంపినవారి పేరు ముఖ్యం. గురువు పంపితే విద్యార్థి తెరుస్తాడు. బంధువులు పంపితే చాలాసార్లు తెరవకుండానే చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపుతారు.

యూట్యూబులోనో వాట్సాప్ లంకెలోనో వినే శ్రోతకు ఫైళ్లు అడగకుండా దిగవు. నొక్కితేనే వినిపిస్తుంది. కనుక ఐఓఎస్ 17 బయటపెట్టిన వ్యత్యాసం ఇక్కడ అదే రూపంలో ఉండదు. తెలుగులో మిగులు యాప్ లెక్కలో కాక సందేశాల మధ్య పూడిపోతుంది. నక్షత్రం గుర్తు పెట్టి తరువాత విందామని దాచుకొన్న లంకెలు ఆ నక్షత్రాల జాబితాలోనే ఉండిపోతాయి. పరిశోధకునికి ఇది మరింత కష్టమైన ఆకరం. బృందంలోని సందేశం ప్రైవేటు వ్యవహారం. ఫోను మారితే అదీ ఉండదు. ఎవరు ఎవరికి ఏది వినమని చెప్పారో, అందులో ఎంత విన్నారో తెలుసుకోవడానికి ముఖాముఖీలు తప్ప మార్గం తక్కువ. ఆకాశవాణి కాలపు శ్రోతల జ్ఞాపకాలను సేకరించిన పద్ధతినే ఇరవై ఏళ్ల వయసున్న శ్రోతల దగ్గరా అనుసరించవలసి ఉంటుంది. అదీ త్వరగా, ఇంకా గుర్తున్నప్పుడే.

ఫీడుల ద్వారా వినేవారి విషయంలోనూ ఆకరాలు నిలకడగా లేవు. 2018లో మొదలైన గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో అన్ని దేశాల్లో మూతపడింది. శ్రోతలు తమ చందాలను యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోవచ్చుననీ, లేదా ఓపీఎంఎల్ ఫైలుగా దించుకొని వేరే యాప్‌లోకి తీసుకుపోవచ్చుననీ గూగుల్ చెప్పింది. ఓపీఎంఎల్ కూడా 2000 ప్రాంతంలో వైనర్ రూపొందించిన నమూనాయే. ఆ ఫైలు తెరిస్తే శ్రోత చందా తీసుకొన్న కార్యక్రమాల పేర్లు, ఒక్కొక్కదాని ఫీడు చిరునామా వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఏది విన్నారో, ఏది వినకుండా మిగిలిందో ఆ వరుసలో ఉండదు.